పాట ముందు, యంత్రం వెనక: సీమ జానపదంతో వంద కాపీల రికార్డు సొంతంగా తేవడం

జానపదానికి ఎలక్ట్రానిక్ సంగీతం కలిపిన రికార్డులు చాలావరకు ఒకే చోట చెడతాయి. ముందు కంప్యూటర్‌లో 120 బీపీఎంకి, అంటే నిమిషానికి 120 దెబ్బలకు, ఒక బీటు కట్టి పెట్టుకుంటారు. తర్వాత పాడే మనిషిని దాని మీదికి లాక్కొస్తారు. ఆయన హెడ్‌ఫోన్‌లో టక్కు టక్కు వింటూ, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక, చిన్నప్పటినుంచీ నోట్లో ఆడుతున్న పాటను బడిపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు పాడేసి పోతాడు. మాటలు మిగులుతాయి, పాట మిగలదు.

కింద రాసిందంతా దానికి ఎదురు పద్ధతి. పాట ముందు నడుస్తుంది, యంత్రం దాని వెంట వస్తుంది. రికార్డింగులో మొదలుపెట్టి అట్ట అచ్చు, పార్సెలు, డబ్బు లెక్క దాకా ఇదే వరస. అనంతపురం, కడప, కర్నూలు వైపు ఉండి, ఏ కంపెనీ అండా లేకుండా యాభయ్యో వందో కాపీలు సొంతంగా తేవాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది.

మొదటి రికార్డుకు తంబుర తత్వాలు అనువైనవి. కందిమల్లాయపల్లె బ్రహ్మంగారి మఠం ఉన్న కడప జిల్లాలో తత్వాలు పాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తంబుర ఒకే శృతిని పట్టి ఉంచుతుంది కాబట్టి దాని పక్కన సింథసైజర్ డ్రోన్ (ఆగకుండా మోగే ఒకే స్వరం) ఇబ్బంది లేకుండా ఒదుగుతుంది. గొరవయ్యల డమరుకం, పిల్లనగ్రోవి కూడా మంచి ఎంపికే. రెండు దరువుల మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో యంత్రానికి చోటు దొరుకుతుంది. అనంతపురం ఉరుములు ఇంకో రకం. ఉరుముకు ఒక పక్క దెబ్బ, ఇంకో పక్క పుల్లతో రాపిడి. ఆ రాపిడి నుంచి వచ్చే గుర్రుమనే నాదం పైకీ కిందికీ జారుతూ ఉంటుంది. చెక్కభజన అన్నిటికన్నా కష్టం. పదిహేను ఇరవై మంది, చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, గురువు పాడితే మిగతావాళ్లు అందుకోవడం, కాలం పెరుగుతూ పోవడం. దాన్ని రెండో రికార్డుకో మూడో రికార్డుకో దాచుకోండి.

చోటు సంగతి. కల్యాణ మండపాలు, కొత్తగా కట్టిన కమ్యూనిటీ హాళ్లు వద్దు. మామూలు ఇంట్లో కూడా ఒక చిక్కుంది: మన నేలలు కడప బండో నాపరాయో అయి ఉంటాయి. గొంతు ఆ రాతికి తగిలి క్షణంలో వెయ్యో వంతుల తేడాతో రెండోసారి మైకులోకి వస్తుంది. రెండూ కలిసి కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, గొంతు బోలుగా వినబడుతుంది. ఇది తర్వాత ఏ ప్లగిన్‌తోనూ పోదు. నేల మీద జంపఖానా వేసి దాని మీద రెండు బొంతలు పరవండి, పాడేవాళ్ల వెనక గోడకు ఇంకో రెండు వేలాడదీయండి. పాత మట్టి మిద్దె దొరికితే అంతకన్నా కోరుకోవాల్సింది లేదు. మందపాటి గోడలు, మట్టి కప్పు, చిన్న కిటికీలు. ప్రతిధ్వని తగ్గుతుంది, రోడ్డు మీది ట్రాక్టరు చప్పుడూ తగ్గుతుంది.

ఆరుబయట తీయాల్సి వస్తే జూన్ నుంచి ఆగస్టు దాకా గాలితో పోరాటమే. మైకుతో పాటు ఇచ్చే నురుగు తొడుగు అనంతపురం ఆషాఢ గాలికి ఆగదు, బొచ్చు తొడుగు కావాలి. గాలి గుబగుబ తగ్గించడానికి రికార్డర్‌లో 80 హెర్ట్జ్ లో-కట్ (అంతకు కింది శబ్దాలను కోసే మీట) నొక్కడం చాలామందికి అలవాటు. గొంతుకు అది ఫరవాలేదు. ఉరుము దగ్గర మాత్రం నొక్కొద్దు, ఆ వాద్యం బతికేదే ఆ కింది భాగంలో. గాలి ఎక్కువుంటే గుడి గోడ చాటుకు జరగండి, లేదంటే తెల్లవారుజామున తీయండి.

కరెంటు విషయంలో ఒకటే మాట: రికార్డర్‌ను బ్యాటరీ మీద నడపండి. ఇన్వర్టర్ మీదో జాతర జనరేటర్ మీదో నడిపితే 50 హెర్ట్జ్ హమ్ముతో పాటు దాని రెట్లు 100, 150 కూడా వస్తాయి. తంబుర నాదంలో కలిసిపోయిన ఆ హమ్మును విడదీయబోతే తంబుర కూడా పోతుంది.

రికార్డింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. గొంతుకు పైమట్టం మైనస్ 12 డీబీ దగ్గర ఉంచండి. పలకలకు (తోలు డప్పులకు), చెక్కలకు మైనస్ 18. ఎందుకంటే లెవెల్ చూడటానికి కొట్టే దెబ్బకూ, ఊపు అందుకున్నాక కొట్టే దెబ్బకూ పొంతనే ఉండదు. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చాక ఈ బెంగ తీరిందని అంటుంటారు. ఫైలు వరకు నిజమే. కానీ మైకు క్యాప్సూలే దెబ్బకు తట్టుకోలేక పగిలిన శబ్దం ఇస్తే ఏ బిట్లూ కాపాడవు. పలకకు మైకు 2 మీటర్ల దూరంలో పెట్టండి. గొంతుకు జానెడున్నర, అంటే 30, 35 సెంటీమీటర్లు, నోటికి కాస్త పక్కగా. రెండు మైకులు వాడితే, ఒక మైకుకూ దాని ముందున్న మనిషికీ మధ్య ఎంత దూరముందో, రెండు మైకుల మధ్య దానికి మూడు రెట్లు ఉండాలి.

రెండు వేర్వేరు రికార్డర్లు వాడినప్పుడు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టించండి. మొదటిది ఫైళ్లను కలపడానికి. రెండోది రెంటి గడియారాల తేడా పట్టుకోవడానికి. పది లక్షల్లో పది వంతుల తేడా ఉన్నా గంటకు 36 మిల్లీసెకన్లు జారిపోతాయి. ఆ మేరకు చెక్కల చప్పుడు రెండుగా వినబడుతుంది. చివరి చప్పట్ల దగ్గర ఎంత జారిందో చూసి ఒక ఫైలును ఆ మేరకు సాగదీస్తే సరిపోతుంది.

పలకల దగ్గర ఇంకో సంగతి. గడ్డి మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు కదా, చల్లారేకొద్దీ తోలు వదులై శృతి దిగుతుంది. పాట మొదట్లోని దెబ్బను కోసి శాంపిల్ చేసి చివర్లో అతికిస్తే వెంటనే తెలిసిపోతుంది. అందుకని కాచిన వెంటనే విడి దెబ్బలు ఒక వరస, చల్లారాక ఇంకో వరస తీసి పెట్టుకోండి. ప్రతి దెబ్బా మోగి పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి తర్వాతది కొట్టమనండి. అందరూ వెళ్లబోయే ముందు ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి నిశ్శబ్దం కూడా రికార్డు చేయాలి. రెండు ముక్కలు అతికేటప్పుడు మధ్యలో నింపడానికి అది లేకపోతే అతుకు గొంతెత్తి చెబుతుంది.

ఇంటికి పోయేముందే కాగితం పని ముగించాలి. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ ప్రదర్శకుల హక్కు ఉంది. అది 50 ఏళ్లు ఉంటుంది. ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు కూడా 2012 సవరణతో వచ్చింది. మనం చేసేది గొంతును కోసి, సాగదీసి, యంత్రాల మధ్య పెట్టే పని కాబట్టి ఈ రెండోది మనకు సూటిగా తగులుతుంది. తెలుగులో ఒక పేజీ చాలు: ఏ పాటలు, ఏ రోజు, ఎన్ని కాపీలు, ఏ రూపాల్లో, అప్పటికప్పుడు ఇచ్చిన డబ్బెంత, తర్వాత వచ్చేదాంట్లో వాటా ఎంత, గొంతుకు ఎలక్ట్రానిక్ సంగీతం కలుపుతామన్న మాట. గడువు రాయకుండా హక్కులు బదిలీ చేయించుకుంటే చట్టం దాన్ని ఐదేళ్లకే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అనుకుంటుంది. నా మట్టుకు హక్కుల బదిలీయే వద్దంటాను. ఈ రికార్డుకు అనుమతి చాలు, పాట వాళ్ల దగ్గరే ఉండాలి. కాగితం చదివి వినిపించండి, ఇలాంటి కలయిక ఒకటి ఫోన్‌లో వినిపించండి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో. ఒక ప్రతి వాళ్లకివ్వండి.

సంప్రదాయ పాటకు రచయిత హక్కు ఉండదు, కానీ పాత రికార్డింగుకు హక్కుదారు ఉండొచ్చు. ఆకాశవాణిలో వచ్చిన పాట రికార్డింగును శాంపిల్ చేయడం వేరు, అదే పాటను ఊళ్లో ఇంకొకరి చేత పాడించుకోవడం వేరు. సినిమా పాట బాణీ మీద కట్టిన భజనలు కూడా సీమలో చాలా ఉన్నాయి, వాటిని వదిలేయండి. కవర్ పాటలకు చట్టంలో 31సీ అనే దారి ఉంది గానీ, ఏడాదికి కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టాలన్నది దాని మామూలు షరతు. వంద కాపీల వాళ్లు వెళ్లే దారి కాదది.

ఇక కంప్యూటర్ పని. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే. రీపర్ 60 రోజులు ఉచితంగా పరీక్షించుకోనిస్తుంది, సర్జ్ ఎక్స్‌టీ అనే సింథసైజర్ పూర్తిగా ఉచితం. మొదట చూడాల్సింది శృతి. పాడినాయన షడ్జమాన్ని పట్టి నిలిపిన చోటు వెతికి ట్యూనర్‌లో చూడండి. అది పియానో మెట్టు మీద సరిగ్గా ఉండటం అరుదు. జీ షార్ప్ కన్నా 30 సెంట్లు (పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) పైన ఉందనుకుందాం. అప్పుడు గొంతును ముట్టుకోకూడదు, సింథసైజర్‌ను పైకి జరపాలి. ‘ఏ’ (A) స్వరానికి 440 హెర్ట్జ్ అనే ఆధారాన్ని 2 పై 30/1200 ఘాతంతో గుణిస్తే 447.7 వస్తుంది, మాస్టర్ ట్యూనింగ్ అక్కడ పెడితే యంత్రాలన్నీ గొంతుతో కలుస్తాయి. తంబుర లేకుండా పాడిన పాటయితే పది నిమిషాల్లో శృతి మెల్లగా పైకి పాకవచ్చు. చరణానికీ చరణానికీ మధ్య డ్రోన్‌ను పూర్తిగా తగ్గించి, ఆ ఖాళీలో ట్యూనింగ్ మార్చి, మళ్లీ పెంచండి. మోగుతుండగా మారిస్తే చెవికి దొరికిపోతుంది.

కార్డ్‌ల మోజు చాలా రికార్డులను పాడు చేసింది. కీబోర్డు మీది అంతర గాంధారం సహజ గాంధారం కన్నా దాదాపు 14 సెంట్లు ఎక్కువ. తంబుర నాదంలోనే సహజ గాంధారం వినబడుతూ ఉంటుంది; దాని మీద మేజర్ కార్డ్ వేస్తే రెండు గాంధారాలు ఒరుసుకుంటాయి. పంచమానికి తేడా 2 సెంట్లే. కాబట్టి షడ్జమం, పంచమం, పై షడ్జమం, ఇంతే వేయండి. రంగు కావాలంటే ఫిల్టర్ కదపండి, స్వరాలు పెంచకండి.

తర్వాత కాలం. చెక్కభజన 90 దగ్గర ఎత్తుకుని 150 దాటిపోవచ్చు. ఇక్కడ రెండు దారులు. ఒకటి పాటను గ్రిడ్‌కు (సాఫ్ట్‌వేర్ గీసిన సమాన కాలపు గళ్లకు) తగిలించడం, రెండోది గ్రిడ్‌నే పాటకు తగిలించడం. ఎప్పుడూ రెండోదే. ప్రతి ఆవర్తనం మొదటి దెబ్బ దగ్గర ఒక టెంపో గుర్తు పెట్టండి. ప్రతి దెబ్బకూ పెట్టొద్దు. దెబ్బదెబ్బకూ గుర్తు పెడితే డ్రమ్ మెషీన్ తడబడుతుంది, ఆవర్తనానికి ఒకటైతే పాటతో పాటు ఊగుతుంది. ఐదు నిమిషాల పాటకు ఈ పని ఒక పూట పడుతుంది, తొందరపడొద్దు. పని అయ్యాక కూడా హై-హ్యాట్ లాంటి సన్నటి శబ్దాలు చెక్కల మీద పడకుండా చూడండి. చెక్కల గలగల ఉన్న చోట హై-హ్యాట్ అవసరమే లేదు.

టెంపోకు కట్టేసిన డిలే ఎఫెక్ట్ ఇలాంటి పాటల్లో మొరాయిస్తుంది. కాలం మారినప్పుడల్లా డిలే నిడివి మారుతుంది, దాంతో లోపల మోగుతున్న ప్రతిధ్వని శృతి జారి వంకరపోతుంది. డిలేను మిల్లీసెకన్లలో పెట్టుకోండి. ప్రతి భాగానికీ వేరుగా ఆడియోగా దించుకుంటే ఇంకా మంచిది.

ఉరుము మోగే చోట కిక్ డ్రమ్ వేయకండి. ఒకే ఇరుకులో రెండూ తోసుకుంటే గెలిచేది కిక్, ఎందుకంటే అది మారదు, అలసిపోదు. సింథసైజర్లన్నిటికీ 120 హెర్ట్జ్ కింద కోసేసి ఆ నేలంతా ఉరుముకు వదిలేయండి. అయితే ఫోన్ స్పీకర్‌లో ఉరుము దాదాపు మాయమవుతుంది, అంత కింది నాదాన్ని చిన్న స్పీకర్ పలికించలేదు. ఉరుము ట్రాకుకు ఒక నకలు తీసి, దానికి శాచురేషన్ (శబ్దాన్ని కొద్దిగా పగిలేలా చేసే ఎఫెక్ట్) పెట్టి, 200 హెర్ట్జ్ కింద కోసి అసలు ట్రాకుకు కొద్దిగా కలిపితే పై హార్మోనిక్స్ పుడతాయి, వాటిని బట్టి చెవి కింది నాదాన్ని ఊహించుకుంటుంది. మోనోలో కూడా వినండి. ఊళ్లో వినేది చాలావరకు ఒకే స్పీకర్‌లో.

మాస్టర్ ఒక్కటి చాలదు. ఆన్‌లైన్‌కు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత బిగ్గరగా వినబడుతుందో చెప్పే కొలత), ట్రూ పీక్ (అత్యధిక మట్టం) మైనస్ 1 డీబీ. ఒంటి తంబుర పాటయితే మైనస్ 16 కూడా హాయిగా ఉంటుంది. సీడీకి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నటి చప్పుడు) ఒక్కసారే, చివర్లో. క్యాసెట్‌కు వేరే మాస్టర్ కావాలి: టైప్ 1 టేపు పై పౌనఃపున్యాలను ఎక్కువ మోతాదులో మోయలేదు, గజ్జెలు, చెక్కలు బుసబుసమంటాయి. 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య 3, 4 డీబీ తగ్గించి, 12 పైన మెల్లగా వాలనివ్వండి. గొంతులో సకారాలకు డీ-ఎస్సర్ పెట్టండి.

ఏ రూపంలో తేవాలి? ఎల్పీ రికార్డుకు ప్రెస్సింగ్ ఖర్చు, కనీస సంఖ్య వంద కాపీల లెక్కను మింగేస్తాయి. పైగా పీవీసీ వేడికి వంగుతుంది, మన ఏప్రిల్, మే ఎండల్లో పోస్టు వ్యాను లోపల పడుండే పార్సెలు సంగతి ఆలోచించుకోండి. సీడీ, క్యాసెట్ రెండూ ఇంట్లో చేసుకోవచ్చు.

క్యాసెట్ అంటే ఓపిక. సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో, అసలు నిడివిలోనే కాపీ తీస్తే నాణ్యత నిలుస్తుంది. సీ-40 అయితే కాపీకి 40 నిమిషాలు. యాభై కాపీలకు ఒక డెక్‌తో 2,000 నిమిషాలు, అంటే 33 గంటల 20 నిమిషాలు. రెండు డెక్‌లుంటే సగం. మొదలుపెట్టే ముందు డెక్ హెడ్‌ను, పించ్ రోలర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, నాలుగైదు క్యాసెట్లకోసారి మళ్లీ. మన దుమ్ములో ఈ పని వాయిదా వేస్తే పై శబ్దాలు ఒక చానెల్‌లో ముందు మూసుకుపోతాయి. హెడ్ అజిమత్ (టేపుకు హెడ్ నిలిచే కోణం) తేడాగా ఉంటే ఇంకా పెద్ద నష్టం: మీ డెక్‌లో బాగానే వినబడుతుంది, కొన్నవాళ్ల డెక్‌లో మాత్రం మందంగా. కంపెనీ అచ్చు క్యాసెట్ ఏదైనా పెట్టి, మోనో నొక్కి, పై శబ్దాలు బాగా తేటగా వినబడేదాకా అజిమత్ మరను కొద్దికొద్దిగా తిప్పి సరిచేయండి. టేపు మొదట్లో కొన్ని సెకన్లు లీడర్ ఉంటుంది, దాని మీద ఏమీ రికార్డు కాదు. దాన్ని దాటించి మొదలుపెట్టకపోతే పల్లవి ఎత్తుగడ పోతుంది. డాల్బీ (టేపు బుస తగ్గించే మీట) ఆపేయండి, కొనేవాళ్ల ప్లేయర్లలో అది ఉండదు. రెండు పక్కల నిడివి తేడా ఉంటే పొడవైనది ‘ఏ’ (A) పక్కన, అంటే మొదటి పక్కన, ఉండాలి, అప్పుడు ఖాళీ టేపు చివర్లో పడుతుంది. అన్నీ అయ్యాక పైనున్న రెండు ట్యాబ్‌లు విరిచేయండి, లేదంటే ఎవరో పొరపాటున రికార్డు నొక్కి చెరిపేస్తారు.

సీడీ-ఆర్ సులువు. డిస్క్-ఎట్-వన్స్ (మొత్తం డిస్కును ఒకే విడతలో రాసే) పద్ధతిలో, ఆడియో సీడీగా, మధ్యస్థ వేగంతో రాయండి. పైన కాగితం లేబుల్ అంటించొద్దు. తూకం తప్పి డిస్క్ ఊగుతుంది, వేడికి జిగురు ఊడి ప్లేయర్‌లో ఇరుక్కుంటుంది. ఇంక్‌జెట్‌తో అచ్చయ్యే తెల్ల డిస్కులు తీసుకోండి. సీడీ-టెక్స్ట్‌లో (ప్లేయర్ తెర మీద పాట పేరు చూపే సమాచారంలో) తెలుగు లిపి పట్టదు, అక్కడ పాట పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఇవ్వాలి. ఆ వర్ణక్రమం ముందే తేల్చుకుని డిస్క్ మీదా ఆన్‌లైన్‌లోనూ ఒకేలా వాడండి. అనంతపురాన్నే మూడు రకాలుగా రాస్తారు, వెతికేవాళ్లకు దొరకదు.

అట్టకు పెద్ద ఊళ్ల ప్రింటర్లను వెతకనక్కర్లేదు. కడపలోనూ అనంతపురంలోనూ కర్నూలులోనూ శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లున్నారు, ఒకటి రెండు రంగుల పనిలో వాళ్ల చెయ్యి తిరిగి ఉంటుంది. 20 బై 30 అంగుళాల, 300 జీఎస్‌ఎం అట్ట తీసుకుందాం. సీడీ జేబును విప్పినప్పుడు 265 బై 150 మిల్లీమీటర్లయితే, అన్నీ ఒకే దిక్కుగా పేర్చితే షీటుకు 6 వస్తాయి. అంటించే రెక్కలను పక్కల నుంచి తీసి పైకీ కిందికీ మార్చి 250 బై 150 చేస్తే 10 వస్తాయి. వంద కాపీలకు 10 షీట్లు లెక్కకు సరిపోతాయి, చెడేవి పోను 12 తీసుకోండి. క్యాసెట్ కార్డుకు ముందు పలక 65 బై 102 మిల్లీమీటర్లు, వెన్ను 13. మడత గీత ముందుగా నొక్కించకపోతే 300 జీఎస్‌ఎం అట్ట మడతలో రంగు పగులుతుంది. క్యాసెట్‌కు 200 చాలు.

తెలుగు అచ్చులో దెబ్బతినేది ఫాంట్ల దగ్గర. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో) పేజ్‌మేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో పని చేస్తారు. మీరు యూనికోడ్‌లో పంపిన పాఠం అక్కడ తెరిస్తే వత్తులు ఊడి పక్కకు పడతాయి. అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి, మార్చక ముందు ఒకరి చేత అచ్చుతప్పులు చూపించండి. స్క్రీన్ ప్రింటింగ్‌లో చిన్న అక్షరాల వత్తులు, గుడుల లోపలి ఖాళీలు సిరాతో పూడిపోతాయి. పాడినవాళ్ల పేర్లు 10 పాయింట్ల కన్నా చిన్నవి చేయొద్దు. ఆ పేర్లు ముందు పక్కనే వేయండి, ఊరి పేరుతో సహా. మిక్స్ చేసినవాళ్ల పేరు వెనక ఉంటే చాలు.

చట్టం అడిగేది కూడా ఒకటుంది. 52ఏ సెక్షన్ ప్రకారం రికార్డింగు చేసినవారి పేరు, చిరునామా. హక్కుదారు పేరు, చిరునామా. మొదట ప్రచురించిన సంవత్సరం, ఈ మూడూ డిస్క్ మీదా ఉండాలి, అట్ట మీదా ఉండాలి. చిన్న విడుదలల్లో దీన్ని మరిచిపోవడం మామూలే. డిజైన్ మొదలుపెట్టినప్పుడే దానికి చోటు వదలండి.

సంఖ్య వేసేటప్పుడు వంద అని రాస్తే వందే ఉండాలి. పాడిన బృందానికి, ప్రెస్సు వాళ్లకు, దాచుకోవడానికి ఇచ్చేవి కూడా ఆ వందలోవే. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి ఒకటి ఇవ్వండి, పాటల పాఠం, రికార్డు చేసిన తేదీ, ఊరు ఉన్న కాగితంతో పాటు. ఏ నంబరు ఎవరికి వెళ్లిందో ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే తర్వాత లెక్కలకు అదే ఆధారం.

అమ్మకం. బ్యాండ్‌క్యాంప్ వస్తువుల మీద 10 శాతం, డిజిటల్ మీద 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు రుసుము వేరు. డబ్బు పేపాల్ ద్వారా వస్తుంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి భారతదేశం లోపలి చెల్లింపులు ఆపేసింది, కాబట్టి విదేశీ కొనుగోలుదార్లకు అది, మనవాళ్లకు యూపీఐ. దేశీయ కాపీల సంఖ్య ముందే వేరుచేసి పెట్టుకోండి, లేదంటే ఒకే నంబరు రెండు చోట్లా అమ్ముడవుతుంది.

స్ట్రీమింగ్‌కు వెళ్తే ప్రతి ట్రాకుకూ ఐఎస్‌ఆర్‌సీ కావాలి. 12 అక్షరాల ఈ సంకేతాన్ని మనదేశంలో ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ ఇస్తుంది, చాలామంది డిస్ట్రిబ్యూటర్లు తామే వేసి పెడతారు. యంత్రాలు లేని అసలు పాటకు ఒకటి, కలిపినదానికి ఇంకొకటి. డిస్ట్రిబ్యూటర్ (మన పాటలను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే సంస్థ) ఫారంలో యూట్యూబ్ కంటెంట్ ఐడీ (ఇతరుల వీడియోల్లో మన ట్రాకును గుర్తుపట్టి క్లెయిము వేసే ఏర్పాటు) అనే గడి వస్తుంది, దాన్ని ఖాళీగా వదిలేయండి. అందరికీ దొరికే లూపులు, శాంపిళ్లు ఉన్న ట్రాకులకు నిబంధనలే ఒప్పుకోవు. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి: ఆ గడి నొక్కితే, అదే బృందం రేపు తమ ఊరి శ్రీరామనవమి వీడియో పెట్టుకున్నప్పుడు, వాళ్ల పాట మీదే మన పేరుతో క్లెయిము పడవచ్చు. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అంతకు మించిన అన్యాయం లేదు.

పోస్టుకు స్పీడ్ పోస్టే. తూకం 50 గ్రాములు దాటితే రేటు మారుతుంది. సీడీ 16 గ్రాములు, అట్ట జేబు 11, అటూ ఇటూ పెట్టే రెండు గట్టి అట్టలు, కవరు కలిపితే ఆ గీత దగ్గరికే వస్తాం. పాటల పుస్తకం పెడితే దాటిపోతాం. దాటక తప్పదంటే అట్టలు ఇంకా మందంగా పెట్టేయండి. విదేశాలకు సీఎన్22 అనే కస్టమ్స్ కాగితం మీద ‘రికార్డు చేసిన సీడీ’ అని విలువతో సహా రాయాలి. కాపీలన్నీ ఆగస్టు, ఫిబ్రవరి మధ్య పంపేలా విడుదల తేదీ పెట్టుకుంటే ఎండ బాధ ఉండదు. మిగిలిన క్యాసెట్లు రేకుల గదిలో, స్పీకర్ల పక్కన ఉంచొద్దు.

క్యాసెట్ ఎంత అందంగా వచ్చినా, పాడినవాళ్ల ఇంట్లో దాన్ని వినే యంత్రం ఉండకపోవచ్చు. వాళ్లు వినేది ఫోన్‌లో, ట్రాక్టరు టేపులో, బ్లూటూత్ స్పీకర్‌లో. అందుకని బృందంలో ప్రతి ఒక్కరికీ ఒక పెన్‌డ్రైవ్ లేదా మెమొరీ కార్డు తప్పకుండా ఇవ్వండి. 32 జీబీ లోపుది తీసుకోండి. 64 జీబీవి చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, ట్రాక్టర్లలో ఉండే చౌక ప్లేయర్లు చాలావాటికి ఫ్యాట్32 తప్ప వేరేది తెలియదు. ఫ్లాక్ ఫైళ్లు వద్దు, 192 లేదా 256 కేబీపీఎస్ ఎంపీ3 చాలు. 128కి దించితే చెక్కల దెబ్బకు ముందే చిన్న చిరచిర మొదలవుతుంది. ఫైలు పేర్లు 01, 02 అని అంకెలతో, చిన్న ఇంగ్లీషు అక్షరాలతో పెట్టండి, తెలుగు పేర్లు ఆ తెరల మీద గళ్లుగా కనబడతాయి. కొన్ని ప్లేయర్లు పేరు చూడవు, కాపీ చేసిన వరసలోనే మోగిస్తాయి. ఒక్కొక్క పాటనే వరసగా కాపీ చేయండి. మొదట యంత్రాలు కలపని పాటలు, తర్వాత కలిపినవి. ఇంట్లో పెద్దవాళ్లు మొదటివే అడుగుతారు.

ఆరు నెలలకోసారి నంబర్ల పుస్తకం, యూపీఐ చిట్టా, పేపాల్ చిట్టా మూడూ ముందేసుకుని అమ్ముడైనవి, ఉచితంగా ఇచ్చినవి, పోస్టులో పగిలినవి వేర్వేరుగా తేల్చండి. డిస్కులు, అట్ట, పోస్టు ఖర్చు తీసేసి, మిగిలినదాంట్లో కనీసం సగం పాడిన బృందానిది అన్నది నా లెక్క. రికార్డింగు రోజు ఇచ్చిన డబ్బును ఇందులోంచి కోయకూడదు, అది ఆ రోజు కూలి. ఆ లెక్క కాగితం మీద తెలుగులో రాసి, గురువు ఒక్కరికే ఇవ్వకుండా అందరి ముందూ చదివి, వాటాలు ఎవరివి వాళ్ల చేతికే ఇవ్వండి. కాపీలు అయిపోయాక కూడా డిజిటల్ అమ్మకాలు వస్తుంటాయి కాబట్టి ఈ పని అక్కడితో ఆగదు. తర్వాతి ఆరు నెలల తేదీని ఆ కాగితం కిందే రాసి పెట్టండి.